పోగులు అతికే కళ్లు

డాక్టర్ వకుళాదేవి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "కుర్చీ ఇటు లాక్కో, చూద్దాం" అంటారు. ఆవిడ దగ్గర కంటి వైద్యంలో పైచదువు చదువుతున్న హేమచంద్రకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఆ రోజూ అదే జరిగింది.

"మందు లేని జబ్బు ఎవరి నుంచి వచ్చిందో తేల్చి ఏం లాభం మేడమ్?" అని అడిగాడతను. ఆవిడ కుర్చీ చూపించి, బయట బెంచీ మీదున్న కుటుంబాన్ని లోపలికి పిలిపించారు.

వాళ్లు చీరాల వైపు నేతపనివాళ్లు. పిల్ల హర్షిత కంట్లో నడిమధ్య కోడిగుడ్డు సొనలాంటి పసుపు మచ్చ ఉంది. కంటి వెనకపొర కణాల్లో క్లోరైడు రాకపోకలకు ఒక ప్రోటీను తూములా పనిచేస్తుంది. పుట్టుకతోనే ఆ తూము సరిగా లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ చెత్త పేరుకుని మచ్చ కడుతుంది. వంశంలో దిగే జబ్బు అది. హేమచంద్రకు ఇదంతా కంఠతా వచ్చు.

పిల్ల నాయనమ్మ కోటమ్మకు మాత్రం వేరే లెక్క ఉంది. కడుపుతో ఉన్నప్పుడు కోడలు మల్లీశ్వరి గ్రహణం పూట కత్తిపీట ముట్టిందట. "మొర్రి పెదవికే వస్తుందనుకుంటారు, కంటికీ వస్తుంది" అని ఆవిడ తీర్పు. ఆస్పత్రి పని అవగానే కోడల్ని పుట్టింటి బస్సెక్కించాలి, పిల్ల తమ దగ్గరే ఉండాలి. అందుకే మల్లీశ్వరి కాళ్ల దగ్గర బట్టల సంచి ఉంది. ఆమె మొగుడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

"ముందు తల్లీ తండ్రీ పరీక్షకు కూర్చోవాలి" అన్నారు వకుళాదేవి గారు. కళ్ల మూలల్లో తీగలు అంటించి, కాసేపు చీకట్లో, కాసేపు వెలుగులో చూపు ఎడమకీ కుడికీ తిప్పించే పరీక్ష అది. తూములు బాగుంటే వెలుగు పెట్టాక తెరమీది గీత పైకి లేస్తుంది. మల్లీశ్వరి గీత చక్కగా లేచింది. భర్తది లేవలేదు. అతని చూపులో లోపమేమీ లేదు. ఈ జబ్బు కొందరిలో ఏళ్ల తరబడి మచ్చ కట్టకుండా ఊరుకుంటుంది.

జబ్బు తండ్రి వైపు నుంచి దిగిందని వినగానే కోటమ్మ ఊరుకోలేదు. "మా వంశంలోనా? ఈ వయసులోనూ తెగిన పోగు కళ్లద్దాలు లేకుండా అతుకుతానమ్మా నేను. నన్ను చూడండి, మీ మిషనుదే తప్పని తేలుద్ది" అంటూ తనే వెళ్లి కుర్చీలో కూర్చుంది.

ఆవిడ గీతా చదునుగానే ఉండిపోయింది.

తిక్క కుదిరిందని హేమచంద్ర లోలోపల సంబరపడ్డాడు. అది మొహాన కనిపించిందేమో, వకుళాదేవి గారు అతన్ని ఒక్క చూపు చూసి, వెళ్లి కోటమ్మ పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"అయితే నా నుంచే దిగిందా తల్లీ?" అని అడిగింది ముసలావిడ.

"మీకూ ఎవరో ఇచ్చే ఉంటారు. మీరేమైనా అడిగి తెచ్చుకున్నారా?"

కోటమ్మ తల అడ్డంగా ఊపింది. చూపు ఒక్కసారిగా పోయే జబ్బు కాదనీ, ఏటా చూపించాలనీ, కంట్లో రక్తం చిమ్మితే ఆపడానికి సూదిమందు ఉందనీ డాక్టరుగారు చెబుతున్నంతసేపూ ఆవిడ తన చేతుల వంకే చూసుకుంది. తర్వాత లేచి, కోడలి కాళ్ల దగ్గరి సంచి తీసి చంకన పెట్టుకుంది.

"పద. పిల్లకి ఆకలేస్తంది. మనూరి బస్సు పోద్ది మళ్లీ."

క్షమించమని అడగలేదు. మల్లీశ్వరి అత్త చంకలోని సంచి వంక చూసింది. చివరికి కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. సంచి మాత్రం అడిగి తీసుకోలేదు. మొగుడు వాళ్ల వెనకే వెళ్లాడు.

"జబ్బు జబ్బుగానే ఉందిగా మేడమ్" అన్నాడు హేమచంద్ర. ఈసారి గొంతులో అంత ధీమా లేదు.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉంది. ఆ సంచి ఎవరు మోస్తున్నారో చూశావా?" అన్నారు.