చీమకు రెక్కలు పెట్టిన ముళ్ళపంది

అనగనగా ఒక అడవిలో, సెల్‌ఫోను సిగ్నలు బాగా అందే అడవే లెండి, ఒక ముళ్ళపంది ఉండేది. వీడియో గేములు తయారుచేయడం దాని పని. అది చేసిన మొదటి ఆట పేరు ‘చీమ గంతు’. ఒక చీమ గింజ కరుచుకుని, వాగులో తేలే ఆకుల మీద గెంతుతూ అవతలి గట్టుకు చేరాలి. జారితే మళ్ళీ మొదటి నుంచి. అంతే. ఆ మాత్రం ఆటకే అడవంతా వెర్రెత్తిపోయింది. సింహం వేట మానేసి ఆడుతుంటే, జింకలు పక్కన కూర్చుని సలహాలు చెప్పేవి.

ముళ్ళపందికి ఒక పద్ధతి ఉంది. ఏ ఆటైనా ముందు తాబేలు తాత చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చునేది. తాత ఆడి, ఓడి, “ఇంకొక్కసారి” అంటేనే ఆట బయటికి వెళ్ళాలి. మొదటి ఆటకు తాత ఆ మాట పధ్నాలుగు సార్లు అన్నాడు.

పేరు రాగానే కంపెనీ పెట్టారు. కంపెనీ అన్నాక పెద్ద ఉండాలిగా, ఊసరవెల్లి వచ్చి కూర్చుంది. దానికి ఆడటం రాదు, మీటింగులు పెట్టడం వచ్చు. ఏనుగుల మీటింగులో బూడిదరంగు, చిలకల మీటింగులో పచ్చరంగు. చీమ ఎగిరితే బాగుంటుందని చిలకలు అన్నాయట. రెండో ఆటలో చీమకు రెక్కలు పెట్టమంది.

“రెక్కలుంటే ఇక గెంతడం ఎందుకు?” అని అడిగింది ముళ్ళపంది.

“గెంతడం పాతబడిపోయింది” అంది ఊసరవెల్లి.

ముళ్ళపంది రెక్కలు పెట్టి, ఆటను తాత చేతికిచ్చింది. చీమ ఒక్క ఊపులో వాగు దాటేసింది. తాత ఫోను కింద పెట్టి “బాగుంది నాయనా” అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ముళ్ళపందికి విషయం అర్థమైంది. ఆపేద్దామనుకుంది. కానీ అప్పటికే చెట్టుచెట్టుకూ పోస్టర్లు అంటించేశారు. తాత బాగుందన్నాడుగా, ఇంకేం కావాలంది ఊసరవెల్లి. ముళ్ళపంది సరేనంది.

మొదటి రోజు అందరూ ఎగబడ్డారు. మూడో రోజుకు ఒక్కరూ లేరు. తప్పు ఆడేవాళ్ళదేనని, వాళ్ళకు అభిరుచి లేదని ఊసరవెల్లి తేల్చేసింది. మూడో ఆటలో చీమకు కత్తీ గుర్రమూ ఇచ్చి, వాగు తీసేశారు. నాలుగో ఆటలో చీమే లేదు. పేరు మాత్రం ‘చీమ గంతు’ అనే ఉంచారు. తాతను ఎవరూ పిలవనే లేదు. ఆ పైన ఊసరవెల్లి కొత్త రంగు వేసుకుని, ఇంకో అడవిలో ఇంకో కంపెనీకి పెద్దగా వెళ్ళిపోయింది. నవ్వులపాలవడానికి ముళ్ళపంది ఒక్కటే మిగిలింది.

ఒకరోజు అది దిగులుగా నడుస్తుంటే పొదలోంచి “ఇంకొక్కసారి” అని వినిపించింది. ప్రాణం లేచొచ్చి పరుగెత్తింది. అక్కడ తాబేలు తాత ఉన్నాడు. చేతిలో గీతలు పడ్డ పాత ఫోను, అందులో మొదటి ఆట.

“నాలుగోది ఆడవా తాతా?”

“అదీ బాగుంది నాయనా” అన్నాడు తాత తల ఎత్తకుండానే. “ఆ రోజు నేను బాగుందన్నప్పుడు నీకు అర్థమైంది కదూ?”

“అయింది తాతా” అంది ముళ్ళపంది.

తాత చీమ అప్పుడే ఆకు మీంచి జారింది.

నీతి: బాగుందని మెచ్చుకున్నవాళ్ళు లేచి వెళ్ళిపోతారు, ఇంకొక్కసారి అన్నవాళ్ళే మనతో ఉంటారు. ఆ తేడా తెలిసి కూడా సరేనన్నవాడికి చివరికి పేరొక్కటే మిగులుతుంది.