రేవు దగ్గర మూడు ప్రశ్నలు

అనగనగా ఒక అడవి. దాని నిండా తునికి చెట్లే. అందుకే అందరూ దాన్ని తునికి అడవి అనేవారు. అక్కడ పళ్ళకి లోటు లేదు, నీళ్ళకి లోటు లేదు. లోటల్లా ఉప్పుకే. నవ్వకండి పిల్లలూ! పప్పులో ఉప్పు లేకపోతే మీరు కంచం పక్కకి తోసేస్తారా లేదా? జంతువులకీ అంతే. తునికి అడవిలో చిన్న చిన్న జింకపిల్లలు ఉప్పు కోసం మట్టి నాకేవి, చెట్ల బెరడు నాకేవి. పాపం, ఎంత తిన్నా ఒళ్ళు చేసేవి కావు.

నది దాటి మూడు రోజులు నడిస్తే ఇసుక అడవి వస్తుంది. ప్రతి వేసవిలోనూ అక్కడ ఆటల పోటీలు జరిగేవి. నాలుగు అడవుల జట్లు వచ్చేవి. దూకే పందెంలో గెలిచిన జట్టుకి ఉప్పుబండ ఇచ్చేవారు. ఎద్దు తలకాయంత బండ! అడవి అడవంతా నాకినా ఏడాది దాకా అరగదు. తునికి అడవి జట్టు తొమ్మిదేళ్ళుగా వెళ్తోంది. తొమ్మిదేళ్ళుగా వట్టి చేతులతో తిరిగొస్తోంది.

తునికి అడవికి ఒక పద్ధతి ఉంది. పరాయి చోటికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా సరే, నది రేవులో ఆగాలి. అక్కడ చిప్పయ్య అనే ముసలి తాబేలు ఉంటాడు. ఆయన మూడు ప్రశ్నలు అడుగుతాడు.

"ఎవరి తిండి తిన్నారు? ఎవరి నీళ్ళు తాగారు? ఎవరిని నొప్పించారు?"

మూడింటికీ జవాబు చెప్పాకే ఒడ్డెక్కాలి. ఆ తరవాతే "గెలిచారా?" అని అడుగుతారు. అంతవరకూ గెలుపు మాట ఎవరూ ఎత్తకూడదు.

ఆ ఏడు జట్టుకి పెద్ద జుంటక్క. ఆమె ఎలుగుబంటి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. జట్టులో పొట్టెమ్మ అనే కుందేలు ఉంది. చెంగయ్య అనే జింక కూడా ఉన్నాడు. చెంగయ్య తల్లి చిన్నప్పుడే పోతే, జుంటక్కే వాణ్ణి పెంచింది. వాగు మీంచి దూకడం నేర్పింది, పొద మీంచి దూకడం నేర్పింది, చివరికి తన మీంచే దూకించుకుంది. ఇప్పుడు వాడిలా దూకేవాళ్ళు నాలుగు అడవుల్లోనూ లేరు.

"ఈసారి బండ మనదే అత్తా!" అన్నాడు చెంగయ్య బయల్దేరేటప్పుడు.

"ముందు నడవరా," అంది జుంటక్క. కానీ లోపల ఆమెకీ అదే ఆశ.

ఇసుక అడవికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎటు చూసినా ఇసుకే. ఎండిన వాగులో ఒక్కచోట తవ్వితే మాత్రం నీళ్ళు ఊరేవి. అలా తవ్విన గుంటని చెలమ అంటారు. దాన్ని తవ్వేదీ, కాపలా కాసేదీ ముట్టెమ్మ అనే ముసలి అడవిపంది. ఆమె చెలమ చుట్టూ రాళ్ళు పేర్చి ఉంచింది. వచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేది.

"మూతి పెట్టండి నాయనా, కాలు పెట్టకండి. అంచు మెత్తన. తొక్కితే కూలిపోద్ది. మళ్ళీ నీళ్ళూరడానికి మూడ్రోజులు పడద్ది."

మొదటి రోజు చెంగయ్య దూకాడు. అందరికంటే ముందు పడ్డాడు. రెండో రోజు దూకాడు. ఇంకా ముందు పడ్డాడు. ఇసుక అడవి కొండముచ్చులు కొమ్మల మీద గంతులేసి కేకలు పెట్టాయి. ఇంకేముంది, మనవాడికి కళ్ళు నెత్తికెక్కాయి. ఇక మూడో రోజు ఒక్క దూకుడే మిగిలింది.

రెండో రోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ముట్టెమ్మకి చెలమ పక్కన చిన్న కునుకు పట్టింది. ముసలి ప్రాణం కదా! కొండముచ్చులు చెంగయ్యని అక్కడికి తీసుకొచ్చాయి.

"ఈ చెలమ మీంచి దూకగలవా?" అన్నాయి.

"ఈ గుంట మీంచా? మా అడవిలో ఇలాంటి వాటిలో కాళ్ళు కడుక్కుంటాం," అన్నాడు చెంగయ్య.

ఒకసారి దూకాడు. కొండముచ్చులు చప్పట్లు కొట్టాయి. రెండోసారి దూకాడు. ఈలలు వేశాయి. మూడోసారి వెనక్కి చూస్తూ, పోజు కొడుతూ దూకాడు. వెనక కాళ్ళు అంచు మీద పడ్డాయి. అంచు కూలింది. రాళ్ళూ ఇసుకా కలిసి చెలమలోకి జారిపోయాయి. చుక్క నీరు కనిపించలేదు.

కొండముచ్చులు ఒక్క క్షణంలో మాయం. చెంగయ్య కూడా పరుగో పరుగు.

సాయంత్రానికి ఇసుక అడవి అంతా చెలమ దగ్గర చేరింది. అడవి పెద్ద నీలయ్య వచ్చాడు. ఆయన మనుబోతు, గుర్రమంత ఎత్తు ఉంటాడు.

"కాపలా కాయాల్సిన దానివి నిద్రపోయావా ముట్టెమ్మా? ఎలా తవ్వావో ఏమో, దానంతటదే కూలింది. ఇకమీదట చెలమ పని నీది కాదు," అన్నాడు.

ముట్టెమ్మ తల వంచుకుంది. "నలభై వేసంగులు తవ్వానయ్యా," అంది మెల్లగా. నిద్రపోయిన మాట నిజమే కదా, ఏమంటుంది పాపం!

ఇసుక అడవి వాళ్ళు ఆనపకాయ బుర్రల్లో కొంచెం నీళ్ళు దాచుకుని ఉన్నారు. ఆ నీళ్ళు తమ పిల్లలకి పట్టలేదు. ముందు అతిథులకి పోశారు. బుర్ర పట్టుకొచ్చింది ఎవరనుకున్నారు? ముట్టెమ్మే.

"తాగు నాయనా. రేపు దూకాలిగా," అంది చెంగయ్యతో.

చెంగయ్య తాగాడు. కానీ ఆమె మొహంలోకి చూడలేదు.

జుంటక్క అది చూసింది. ఆ తరవాత చెంగయ్య కాళ్ళు చూసింది. మోకాళ్ళ దాకా ఇసుక అంటుకుని, ఎండి, పెచ్చు కట్టి ఉంది. పొడి ఇసుక అలా అంటుకోదు. ఆ అడవిలో తడి ఇసుక ఉండేది ఒక్కచోటే.

"ఏరా, నువ్వేనా?" అంది జుంటక్క.

చెంగయ్య గొంతు తగ్గించాడు. "కావాలని చెయ్యలేదత్తా! అయినా నన్నెవరూ చూడలేదు. రేపొక్క రోజు గడవనీ. బండ తీసుకుని వెళ్ళిపోదాం. కావాలంటే వచ్చే ఏడు చెబుదాం."

జుంటక్క నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మట్టి నాకే పిల్లలు ఆమెకి గుర్తొచ్చారు. తొమ్మిదేళ్ళు గుర్తొచ్చాయి. 'ఒక్క రోజు కదా' అనుకుంది. పిల్లలూ, తప్పు చేసిన వాడి మాటకీ ఆమె మనసులోని మాటకీ అప్పుడు తేడా లేదు. ఆమె అలా ముడుచుకుని పడుకుంది గానీ, కన్ను మూతపడలేదు.

తెల్లారింది. ఆటల మైదానానికి వెళ్ళే దారిలో ముట్టెమ్మ కనిపించింది. ఒక్కతే కూర్చుని, పూడిన చెలమ వైపు చూస్తోంది. తవ్వొద్దన్నారుగా మరి! ఆమె పక్కన ఒక పందిపిల్ల దాహంతో ఏడుస్తోంది.

జుంటక్క గుండె కలుక్కుమంది. ఇంటి దగ్గర ఉప్పు లేని పిల్లలు. ఇక్కడ నీళ్ళు లేని పిల్ల. మన పిల్లల కోసం ఈ పిల్లని ఏడిపించడం ఏం న్యాయం?

ఆమె దారి మధ్యలో ఆగిపోయింది.

"చెంగయ్యా! రేవులో చిప్పయ్య తాత మూడో ప్రశ్న అడుగుతాడు. ఏం చెప్తావు?"

"ఎవర్నీ నొప్పించలేదని చెప్తాను," అన్నాడు చెంగయ్య నేల చూస్తూ.

"నీ పక్కన నుంచుని నేనేం చెప్పాలి?"

చెంగయ్య గిట్టతో నేల గీరాడు.

"తప్పు నీ ఒక్కడిదే కాదురా. నీకు ఎగరడం నేర్పాను. ఎక్కడ దిగుతున్నావో చూసుకోమని నేర్పలేదు. నిన్న తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్పు. నీలయ్యతో నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?"

"దూకాక చెబుతానత్తా!"

"దూకాక కాదు."

"మరి ఉప్పు?"

జుంటక్క వాడి తల నిమిరింది. "నాకూ కావాలిరా ఉప్పు. ఇలా మాత్రం వద్దు."

చెంగయ్య మైదానం వైపు తిరిగాడు. కాళ్ళు కదల్లేదు. నాలుగు అడవుల్లోనూ ఎక్కువ దూరం దూకేవాడికి నాలుగు అడుగులు వెయ్యడం కష్టమైపోయింది! చివరికి వేశాడు. మైదానం మధ్యకి వెళ్ళి, అందరి ముందూ చెప్పాడు.

"చెలమ కూల్చింది నేను. ముట్టెమ్మవ్వ తప్పు లేదు."

మైదానమంతా ఒక్కసారి గోల. కొండముచ్చులు మాత్రం ఆకుల వెనక నక్కాయి. నీలయ్య చెవులు ఆడించాడు.

"చెప్పావు, బాగుంది. చెలమ పని మళ్ళీ ముట్టెమ్మదే. కానీ ఇంతమంది నీ దూకుడు చూడ్డానికే వచ్చారు. ముందు దూకు. శిక్ష సంగతి తరవాత చూద్దాం," అన్నాడు.

చెంగయ్య కళ్ళు మెరిశాయి. ఆశగా జుంటక్క వైపు చూశాడు.

"వద్దు నీలయ్యగారూ," అంది జుంటక్క. "బాగా దూకుతాడని ఇవాళ వదిలేస్తే, రేపు మా వాడు ఇంకేం కూలుస్తాడో! వీడు మా వాడు. మేమే ఆపుతున్నాం. మా తరఫున పొట్టెమ్మ దూకుతుంది."

పొట్టెమ్మ దూకింది. పాపం, ప్రాణం పెట్టి దూకింది. నాలుగు జట్లలో మూడోదిగా వచ్చింది. ఉప్పుబండ ఇంకో అడవికి వెళ్ళిపోయింది.

చెంగయ్య చెలమ దగ్గరికి వెళ్ళి ముట్టెమ్మ ముందు మోకాళ్ళు వంచాడు.

"అవ్వా, నన్ను తిట్టు."

"తిడితే నీళ్ళూరతాయా? రా, ఇసుక లాగు," అంది ముట్టెమ్మ.

మూడు రోజులు ఇద్దరూ తవ్వారు. జింక గిట్టలతో తవ్వడం అంత తేలికా! "దూకమంటే దూకుతావు గానీ, పిడికెడు ఇసుక తియ్యలేవేంట్రా!" అని ముట్టెమ్మ ఒకటే వేళాకోళం. మూడో రోజు అడుగున చెమ్మ కనిపించింది. చెమ్మలోంచి నీళ్ళు ఊరాయి. ఏడ్చిన పందిపిల్లే మొదట మూతి పెట్టింది. చెంగయ్యకి ఎందుకో ఏడుపొచ్చింది.

ఇక రేవు. తునికి అడవి అంతా ఒడ్డున నిలబడి ఉంది. చిప్పయ్య తాత తల బయటికి చాచాడు.

"ఎవరి తిండి తిన్నారు?"

"ఇసుక అడవి వాళ్ళది," అంది పొట్టెమ్మ.

"ఎవరి నీళ్ళు తాగారు?"

"వాళ్ళ పిల్లల నీళ్ళు," అంది జుంటక్క.

"ఎవరిని నొప్పించారు?"

అందరికంటే ముందు చెంగయ్యే నోరు విప్పాడు. "ముట్టెమ్మవ్వని తాతా. నేనే." జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పాడు.

అప్పుడు ఒక తల్లి జింక ముందుకొచ్చింది. "నా బిడ్డ మట్టి నాకుతోంది జుంటక్కా! చేతిలోకొచ్చిన ఉప్పు వదులుకుని రావడానికి నీకు మనసెలా ఒప్పింది?" అని అరిచింది.

జుంటక్క తల దించుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిప్పయ్య తాత నెమ్మదిగా అన్నాడు. "చెంగయ్య ఏడాది పాటు పందెంలో దూకకూడదు. వచ్చే వేసవికి ఇరవై రోజులు ముందే వెళ్ళి చెలమ తవ్వాలి. సమ్మతమేనా?"

"సమ్మతమే," అన్నాడు చెంగయ్య.

"మరి నాకు?" అంది జుంటక్క. "నేనొక పూట దాచాను తాతా."

"ఏడాది పాటు నువ్వు జట్టుకి పెద్దవి కావు."

జుంటక్క తల ఊపింది. నిజం చెప్పాలంటే, ఆ మాటతో ఆమె గుండె మీది బరువు కాస్త దిగింది.

ఏడాది తిరిగింది. చెంగయ్య ముందే వెళ్ళాడు. ముట్టెమ్మతో కలిసి చెలమ తవ్వాడు, రాళ్ళు పేర్చాడు. పోటీల రోజుల్లో ముట్టెమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, తనే కాపలా నిలబడ్డాడు. మైదానం వైపు నుంచి కేకలు వినబడుతున్నాయి. వాడి కాళ్ళు జిలపెట్టాయి. అయినా కదల్లేదు.

ఇంకో అడవి నుంచి వచ్చిన కొండగొర్రె ఒకటి అటు గంతులేస్తూ వచ్చింది. అదీ దూకే పందేనికి వచ్చిందే.

"ఈ గుంట మీంచి నేను దూకగలను, చూస్తావా?" అంది.

"దూకగలవులే," అన్నాడు చెంగయ్య. "నేనూ దూకాను. ఇలా రా, నా కాళ్ళు ఎక్కడ పడ్డాయో చూపిస్తాను."

కొండగొర్రె అంతా విన్నది. తరవాత బుద్ధిగా మూతి పెట్టి నీళ్ళు తాగి వెళ్ళింది.

ఆ ఏడు కూడా తునికి అడవి గెలవలేదు. పొట్టెమ్మ రెండోదిగా వచ్చింది. బయల్దేరే రోజు ముట్టెమ్మ ఒక ఆకు పొట్లం తెచ్చి చెంగయ్య మెడకి కట్టింది. విప్పి చూస్తే ఉప్పుగడ్డ! ఆమె తన ముట్టెతో చౌడునేల తవ్వి తీసింది.

"ఇది బహుమతి కాదురా. మట్టి నాకుతున్నారన్నావుగా, ఆ పిల్లలకి. ఏటా వచ్చి నాతో చెలమ తవ్వు. ఏటా తీసిస్తాను," అంది.

రేవులో చిప్పయ్య తాత మూడు ప్రశ్నలూ అడిగాడు. మూడో ప్రశ్నకి చెంగయ్య తల ఎత్తి, "ఎవర్నీ లేదు తాతా," అన్నాడు.

"మరి గెలిచారా?"

"ఓడిపోయాం తాతా," అంటూ పొట్లం విప్పాడు.

నిరుడు అరిచిన తల్లి జింక బిడ్డే మొదట వచ్చి ఉప్పు నాకింది. ఆ తల్లి జుంటక్క పక్కకి వచ్చి నిలబడి, ఆమె భుజం మీద తల ఆనించింది.

మూడో ఏడు చెంగయ్య మళ్ళీ పందెంలో దూకాడు. దూకే ముందు, తన కాళ్ళు ఎక్కడ దిగుతాయో ఒకసారి చూసుకున్నాడు.

నీతి: పరాయి చోట మనం చేసిన తప్పుకి మనమే ముందుకొచ్చి జవాబు చెప్పాలి, ఎంత గొప్ప ఆటగాడైనా ఆ జవాబు చెప్పాకే ఆడాలి.