వైశాఖంలో ఉన్నికోటు

తుపాకిని ఎంచుకోవడానికి రాజలింగానికి ఒక్క పూట గడువున్నది.

పుష్యమాసంలో బాతుల వేటకు వెళ్లేవారు వైశాఖంలోనే మాణిక్యగిరి సంస్థానపు ఆయుధశాలకు వచ్చి తమ తుపాకిని ఎంచుకోవాలి. గుమాస్తా దాని నంబరును లైసెన్సు కాగితం మీద రాస్తాడు. ఆ తర్వాత మార్చడానికి వీలు లేదు.

ఆ ఏడు ఆ నియమానికి బరువు పెరిగింది. ముప్పై ఏళ్లుగా వేట బృందానికి పెద్దగా ఉన్న ఉస్తాదు యాకూబ్ సాహెబు పని విరమించనున్నారు. ఆ స్థానానికి ఇద్దరు నిలిచారు. ఒకడు ఆయన శిష్యుడు రాజలింగం. రెండోవాడు దివానుగారి మేనల్లుడు ప్రతాపరెడ్డి. గంగసముద్రం చెరువులో చెరి పన్నెండు తూటాలతో ఎవరు ఎక్కువ బాతులను తెస్తే పదవి వారిదని సంస్థానపు దొర నిర్ణయించాడు. పడిన పక్షి చేతికి దొరకకపోతే పడనట్టే. ఓడినవాడు గెలిచినవాడి కింద పనిచేయాలి. అతని పక్షుల సంచి మోయాలి.

రాజలింగం గురిని శంకించినవారు లేరు. మెట్ట పొలాల్లో ఎగిరే కౌజు పిట్టకు అతడు రెండో తూటా ఖర్చుచేసిన సందర్భాలు అరుదు. ఆ సంగతి అతనికి కొంచెం ఎక్కువగానే తెలుసు. నీటి మీద వేట మాత్రం అతడు ఎన్నడూ చేయలేదు.

ఆయుధశాలలో బల్ల మీద ఎనిమిది తుపాకులు పరచి ఉన్నాయి. అన్నీ జోడు గొట్టాలవే. పలుచని అంగీతో నిలబడి రాజలింగం ఒక్కొక్కటే భుజానికి ఎత్తి చూశాడు. ఐదోది పొడుగైనది, కొయ్య మీద వెండి తాపడం, ఎగిరే హంసల చెక్కడం. ఎత్తగానే భుజంలో ఒదిగింది. అతని ముఖం వెలిగింది.

ఎనిమిదోది పొట్టిది. వన్నె పోయింది. కొయ్య మీద గీతలు. కొయ్య మరీ పొట్టి కావడంతో ఎత్తితే బొటనవేలు ముక్కుకు తగిలింది.

“ఇది పిల్లలు ఆడుకునేది” అని దాన్ని పక్కన పెట్టాడు.

అంతవరకు పక్కన కూర్చొని చూస్తున్న ఉస్తాదు లేచారు. మూలనున్న పెట్టె తెరిచి తమ పాత ఉన్నికోటు తీశారు. మోకాళ్ల దాకా వచ్చే కోటు. లోపల మందమైన గొర్రెబొచ్చు.

“తొడుక్కో, బేటా.”

“గింత ఎండల కోటా, ఉస్తాద్?”

“పుష్యంల నీళ్ల మీద కూచున్నవా ఎన్నడన్న?”

“లేదు.”

“తొడుక్కో.”

రాజలింగం తొడుక్కున్నాడు. ఉస్తాదు వాకిట్లోకి నడిచారు. అక్కడ గోడకు ఆనించి ఉన్న పుట్టిని దొర్లించి నేల మీద పెట్టారు. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రని పడవ అది. అందులో కూర్చోమని చేతితో చూపారు. ఎనిమిది తుపాకులనూ తెప్పించి పుట్టి చుట్టూ ఆనించారు.

నడివేసవి ఎండలో, ఎండిన నేల మీద, ఉన్నికోటు తొడుక్కొని పడవలో కూర్చున్న మనిషిని చూడడానికి పదిమంది చేరారు. వారిలో ప్రతాపరెడ్డి కూడా ఉన్నాడు.

“ఏం లింగం, చలిజ్వరమా? వైద్యుణ్ణి పిలిపించాల్నా?”

“ఉస్తాద్, శిష్యుణ్ణి ఉడకబెడుతున్నరా ఏంది?” అన్నాడు గుమాస్తా.

ఉస్తాదు ఎవరివైపూ చూడలేదు.

“కండ్లు మూసుకొని ఎత్తు. భుజానికి ఆనినంక తెరువు.”

రాజలింగం కళ్లు మూసుకొని హంసల తుపాకి ఎత్తాడు. కొయ్య చివర చంక దగ్గర ఉన్నిలో తట్టుకొని ఆగిపోయింది. గుంజి పైకి లాగి కళ్లు తెరిచాడు. గొట్టాల కొన ఆకాశంలో ఎక్కడో ఉన్నది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ తట్టుకున్నది. చెమట కళ్లలోకి కారింది. చుట్టూ నవ్వు పెరిగింది.

ఒకదాని తర్వాత ఒకటి, ఏడింటినీ ఎత్తి దించాడు. అన్నీ ఉన్నికి తట్టుకున్నాయి.

పొట్టిదైన ఎనిమిదోది ఎక్కడా తట్టుకోలేదు. కళ్లు తెరిచేసరికి అతని చూపు గొట్టాల వెంట నేరుగా సాగి, గోడ మీద వాలిన కాకి దగ్గర ఆగింది. నమ్మలేక మరో మూడుసార్లు ఎత్తాడు. మూడుసార్లూ అదే.

అతడు తల వంచుకొని మెల్లగా అన్నాడు: “నలుగురిల దీన్ని పట్టుకొని ఎట్ల తిరగాలె, ఉస్తాద్? నా ఇజ్జత్ పోతది.”

ఉస్తాదు వంగి కోటు కాలరు సరిచేశారు. “పై గుండీ మరిచినవు” అంటూ దాన్ని కూడా పెట్టారు.

రాజలింగం హంసల తుపాకి వైపు మరోసారి చూశాడు. చివరకు పొట్టి తుపాకిని గుమాస్తా చేతిలో పెట్టాడు.

“రాసుకో.”

“నిజంగానా?”

“రాసుకొమ్మన్న కద.”

హంసల తుపాకిని ప్రతాపరెడ్డి అంగీ మీదనే ఒకసారి ఎత్తి చూసి, సంతోషంగా తన పేర రాయించుకున్నాడు.

పుష్యమాసం వచ్చింది. తెల్లవారేసరికి గంగసముద్రం మీద పొగమంచు పరచుకున్నది. కట్ట మీద దొర, ఆయన పక్కన ఉస్తాదు నిలబడ్డారు. తుంగ పొదలకు అటొక పుట్టి, ఇటొక పుట్టి ఉన్నాయి. రాజలింగం పుట్టికి తెడ్డు వేసే బెస్త సాయన్న పళ్లు టకటకలాడుతున్నాయి. రాజలింగం ఉన్నికోటు గుండీలన్నీ పెట్టుకొని, పొట్టి తుపాకిని ఒడిలో ఉంచుకొని కూర్చున్నాడు.

మొదటి గుంపు ఉత్తరం నుంచి వచ్చింది. రెక్కల చప్పుడు వినబడిన మరుక్షణం తల మీద ఉన్నది. తుపాకి ఎత్తిన సంగతి రాజలింగానికి తెలియలేదు. రెండు మోతలు మోగాయి. రెండు బాతులు తుంగ లేని నీటిలో పడ్డాయి.

“కోటుకు తట్టలేదు” అన్నాడు అతడు తనలో తాను.

“ఏందయ్యా?” అన్నాడు సాయన్న.

“ఏం లేదు. తెడ్డెయ్యి.”

తుంగకు అవతల ప్రతాపరెడ్డి తుపాకి కూడా మోగింది. కాని ప్రతిసారీ గుంపు దాటిపోయాకే మోగింది. ఒకసారి అతడు కోటుకు తట్టుకున్న కొయ్యను తిడుతున్న మాట నీటి మీదుగా స్పష్టంగా వినబడింది.

పొద్దెక్కింది. పుట్లు కట్టకు చేరాయి. ప్రతాపరెడ్డి పుట్టిలో నాలుగు బాతులు, పన్నెండు ఖాళీ తూటాలు ఉన్నాయి. రాజలింగం పుట్టిలో పది బాతులున్నాయి. ఖాళీ తూటాలు పదకొండే.

“పన్నెండోది ఏమైంది?” దొర అడిగాడు.

రాజలింగం జేబులోంచి నిండు తూటా తీసి చూపాడు. “ఆఖరి గుంపు బాగ ఎత్తుల పోయింది, దొరా. తగిలినా తుంగల పడి చస్తది. చేతికి దొరకదు.”

దొర ఉస్తాదు వైపు చూశాడు. ఉస్తాదు చెరువు వైపు చూస్తున్నారు. దొర పెద్దగా నవ్వి, తన తలపాగా విప్పి రాజలింగం భుజాన వేశాడు.

ఇక బెస్తలు ఆగలేదు. కేకలు వేస్తూ రాజలింగాన్ని పుట్టితో సహా భుజాలకు ఎత్తుకున్నారు. ఆ అరుపులకు చెరువులో మిగిలిన బాతులన్నీ ఒక్కసారి లేచి ఆకాశాన్ని కప్పాయి. కట్ట పొడవునా డప్పులు మోగాయి. గాలిలో పుట్టి ఊగుతుంటే, పొట్టి తుపాకిని రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకొని రాజలింగం నవ్వాడు.

రాజలింగం దిగాక ప్రతాపరెడ్డి అతని దగ్గరికి వచ్చాడు. “ఒకసారి చూపించు” అన్నాడు. తన మందపు కోటు మీదనే ఆ తుపాకిని ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

“వైశాఖంల మేం నవ్వింది దీన్ని చూసేనా?”

“దీన్నే.”

ప్రతాపరెడ్డి తుపాకిని తిరిగి ఇచ్చి, వంగి, పది బాతుల సంచిని తన భుజానికి ఎత్తుకున్నాడు.

జనం పలచబడ్డాక రాజలింగం ఉస్తాదు ముందుకు వచ్చాడు. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, మడిచి, రెండు చేతులా అందించాడు.

ఉస్తాదు తీసుకోలేదు.

“నీ దగ్గరనే ఉంచుకో, బేటా. వైశాఖంల పనికొస్తది.”