ఎనిమిదో రోజు పడవ విప్పిన నీటికుక్క

మొగలికోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, కోతులు గట్టు మీద కాపురం ఉండేవి. అడవి మధ్యలోంచి ఒక పెద్ద కాలువ పారుతూ పోయి ఉప్పుటేరులో కలిసేది. ఆ కాలువలో ఏడు పడవలుండేవి. వాటి మీద బాతులు, నీటికోళ్లు, నీటికుక్కలు బతికేవి. గట్టు మీది వాళ్లకు గూళ్లు, గుహలు, పొదలు ఉన్నాయి. పడవల వాళ్లకు పడవే ఇల్లు.

పడవల వాళ్లకు ఒక ఆచారం ఉంది. ఏ పడవా ఒకే గట్టున ఏడు రోజులకు మించి ఆగకూడదు. ఎనిమిదో రోజు పొద్దున్నే గుంజకు కట్టిన మోకు విప్పి, గెడ వేసుకుంటూ ఇంకో చోటికి పోవాలి. పడవ ఒకే చోట పాతుకుపోతే అక్కడి చేపలు అయిపోతాయి, గట్టు మీది వాళ్లకు రేవు లేకుండా పోతుంది. అందుకని పెద్దలు అలా పెట్టారు. పెట్టిన కారణం చాలామంది మరిచిపోయారు. తిరగడం మాత్రం మరిచిపోలేదు.

కాలువ నడుమ ఒక లాకు ఉంది. లాకు అంటే రెండు వైపులా తలుపులున్న నీటి గది. కింది నుంచి పడవ లోపలికి వస్తుంది. కింది తలుపు మూస్తారు. పై కాలువ నీళ్లు మెల్లగా లోపలికి వదులుతారు. గది నిండితే పడవ పైకి లేస్తుంది. అప్పుడు పై తలుపు తీస్తారు. తలుపులు చాలా బరువు. చక్రం లాకు కాపలాదారు తిప్పాలి, మోకు పడవవాడు లాగాలి. ఇద్దరూ ఒకే మెట్టు మీద భుజానికి భుజం ఆనించి నిలబడితే గాని తలుపు కదలదు.

ఆ కాపలాదారు ముసలి తాబేలు పేరయ్య. చక్రం ఎటు తిప్పితే నీళ్లు ఎక్కుతాయో, ఎన్ని చుట్లకు ఆపాలో అడవి మొత్తంలో అతనొక్కడికే తెలుసు. పడవల వాళ్లందరూ అతన్ని తాతా అని పిలిచేవాళ్లు. తాతకు రొమ్ములో బలం తక్కువ. నాలుగు చుట్లు తిప్పితే కూర్చుని ఆయాసం తీర్చుకునేవాడు.

ఒక ఎండాకాలం అడవిలోకి దగ్గు జబ్బు వచ్చింది. ఒకరి ఊపిరి ఇంకొకరికి తగిలితే చాలు, అంటుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లు రెండు రోజులు దగ్గి లేచేవాళ్లు. ముసలివాళ్లు లేచేవాళ్లు కాదు. మొదటి వారంలోనే ముళ్లపందుల్లో ముగ్గురు పెద్దవాళ్లు పోయారు.

గట్టు పెద్ద దుప్పి భూషయ్య చాటింపు వేయించాడు. "రెండు పున్నములు గడిచేదాకా ఎవరిల్లు వాళ్లు కదలకూడదు. పడవలు ఎక్కడున్నవి అక్కడే కట్టేసుకోవాలి. లాకు మూత."

ఆ రోజు ఏడు పడవలూ లాకుకు దిగువనే ఉన్నాయి. ఎండాకాలంలో దిగువ కాలువలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. తాగడానికి పనికిరాదు. మంచినీళ్ల ఊట ఒకే ఒకటి, అది లాకు పక్కనే ఉంది. గూళ్లల్లో హాయిగా కూర్చుని చాటింపు వేయించినవాళ్లకు ఈ సంగతి తట్టలేదు. తమ ఇంట్లో కుండ నిండుగా ఉంటే ఎదుటివాడి దాహం ఎవరికి గుర్తొస్తుంది?

లాకుకు అందరికన్నా దగ్గరగా ఉన్న పడవ నీటికోడి నాంచారమ్మది. ఆమెకు అప్పుడే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ముగ్గురున్నారు. ఆమె భూషయ్యను గట్టు మీదికి పిలిపించింది. భూషయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"కదలొద్దన్నారు, బాగానే ఉంది. తాగేదేమిటండీ? ఉప్పునీళ్లా?" అంది నాంచారమ్మ.

"ఆజ్ఞ అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు భూషయ్య.

"దాహం కూడా అందరికీ ఒకటేనండీ. మీరు పొదలోంచి లేచి నాలుగడుగులు వేస్తే ఊట. మేం పడవ విప్పకపోతే చస్తాం, విప్పితే తప్పు చేసినవాళ్లం. నా పిల్లలు ఉప్పునీళ్లు తాగి బతకరు. నేను కదలను. ఈ జబ్బు ఎంత చెడ్డదో నాకూ తెలుసు. కానీ కదలొద్దన్నవాళ్లే నీళ్లు పంపాలి. పంపేదాకా మీరు ఇక్కణ్ణుంచి వెళ్లడానికి వీల్లేదు."

ఆమె గొంతు విని మిగతా పడవల వాళ్లు కూడా పైకొచ్చి నిలబడ్డారు. భూషయ్య తల దించుకున్నాడు. పొరపాటు ఒప్పుకోవడం పెద్దమనుషులకు ఎప్పుడూ కష్టమే. అయినా కాసేపటికి ఒప్పుకున్నాడు.

దారి చెప్పింది మాత్రం పేరయ్య తాత. ఎండిన సొరకాయ బుర్రలు ఊట దగ్గర నింపి, మూతి బిగించి, లాకు కింద నీళ్లల్లో వదులుతానన్నాడు. బుర్రలు వాటంతటవే తేలుతూ వస్తాయి. తమ పడవ ముందుకు తేలి వచ్చినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో బుర్ర అందుకోవచ్చు. ఎవరూ ఎవరినీ తాకక్కర్లేదు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఏడు బుర్రలు వరసగా తేలుతూ వచ్చేవి. నాంచారమ్మ మొదటిది ముక్కుతో లాక్కుని పిల్లలకు పట్టేది. "అందిందా అమ్మాయీ?" అని తాత లాకు గోడ మీంచి కేకేసేవాడు. "అందింది తాతా," అనేది ఆమె. ఒంటరిగా కట్టేసుకున్న పడవల మీద ఆ ఒక్క కేక పెద్ద ధైర్యంగా ఉండేది.

ఇక నీటికుక్క సింగన్న సంగతి. వాణ్ణి తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెప్పాలి.

సింగన్న పడవ అన్నిటికన్నా వేగమైనది. ఆ పడవను చూసుకుని వాడికి తగని మిడిసిపాటు. చాటింపు వేసిన ఏడు రోజులూ గునుస్తూ గడిపాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే మోకు విప్పేశాడు.

నాంచారమ్మ చూసి కేకేసింది. "ఏరా సింగన్నా, ఎక్కడికి?"

"ఎనిమిదో రోజు అక్కా. మా తాతముత్తాతలు ఎవరూ ఎనిమిదో రోజు అదే గట్టున నిలబడలేదు. నేను కాలువలో పుట్టినవాణ్ణి. దుప్పి చెబితే కట్టేసుకుని కూర్చోడానికి నేనేం గొడ్డునా?"

"మీ తాతముత్తాతలు ఎందుకు కదిలేవాళ్లో తెలుసా నీకు? ఇంకొకరికి బరువు కాకూడదని. ఇప్పుడు కదిలితేనే బరువు. జబ్బు తగిలి ఎవరైనా పోతే?"

"పోతే నేను పోతాను. నా ప్రాణం నా ఇష్టం."

"నీ ఒక్కడి ప్రాణమే అయితే నేను నోరెత్తేదాన్ని కాదురా," అంది నాంచారమ్మ.

"నీకు పిల్లలు పుట్టాక పిరికితనం పుట్టింది అక్కా," అని నవ్వి, సింగన్న గెడ వేసుకుంటూ ఉప్పుటేటి వైపు పోయాడు.

మిగతా పడవల్లో ఇద్దరు ముగ్గురు వాణ్ణి చూసి ముచ్చటపడ్డారు. పడవజాతి పౌరుషం నిలబెట్టాడని మెచ్చుకున్నారు. నాంచారమ్మకు కూడా కాలువ మీద తిరగాలని లేకపోలేదు. ఆమె రెక్కలూ తిమ్మిరెక్కిపోయాయి. అయినా పిల్లల్ని పొదువుకుని కూర్చుంది.

ఉప్పుటేటి దగ్గర చేపలు పోటెత్తే రోజులవి. అక్కడ నీటికుక్కలు గుంపుగా చేరి విందు చేసుకుంటున్నాయి. సింగన్న వాటితో కలిసి అయిదు రోజులు తిన్నాడు, పాడాడు, ఒకే ఆకులో చేప పంచుకున్నాడు. ఆరో రోజు గొంతులో గరగర మొదలైంది. ఉప్పుగాలి పడలేదని తనకు తనే చెప్పుకున్నాడు. పై కాలువలో చల్లగా ఉంటుందని పడవ తిప్పాడు.

మిట్టమధ్యాహ్నం వేళ లాకు ముందుకొచ్చి కేకేశాడు. "తాతా, తలుపు తియ్యి."

"లాకు మూసేశారు బాబూ. వెనక్కి పో," అన్నాడు పేరయ్య గోడ మీంచి.

"పడవవాడు పిలిస్తే తలుపు తియ్యడం నీ పని. తీయకపోతే పడవతో గుద్ది తీస్తాను."

పేరయ్య దిగువ పడవల వైపు చూశాడు. ఆ గుద్దుకు రెండు తలుపులూ విరిగితే పై నీళ్లన్నీ ఒక్కసారి విరుచుకుపడతాయి. కింద కట్టేసి ఉన్న పడవలు బోర్లాపడతాయి. నాంచారమ్మ పిల్లలు ఆ ఉరవడికి ఈదలేరు.

"వద్దు తాతా, తియ్యొద్దు," అని నాంచారమ్మ ఇవతలి నుంచి అరిచింది. సింగన్న పడవను వెనక్కి లాగి గుద్దడానికి సిద్ధమయ్యాడు. పేరయ్య ఇక ఆగలేక మెట్లు దిగాడు.

ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడ్డారు. తాత చక్రం తిప్పాడు, సింగన్న మోకు లాగాడు. లాగుతూ దగ్గాడు.

"దగ్గుతున్నావేం బాబూ?" అన్నాడు తాత.

"నీళ్లు అడ్డంపడ్డాయిలే," అన్నాడు సింగన్న. అబద్ధం. వాడికి తెలుసు అది అబద్ధమని.

పడవ లోపలికి వచ్చింది. కింది తలుపు మూసుకుంది. ఎండాకాలం కాబట్టి పై కాలువలోంచి నీళ్లు సన్నటి ధారగా పడుతున్నాయి. గది నిండడానికి వారం పడుతుందని తాత చెప్పాడు. సింగన్న విసుక్కుంటూ గోడ మీద నడుం వాల్చాడు. వాడి దగ్గు రెండు రోజుల్లో తగ్గిపోయింది. మూడో రోజు తాతకు మొదలైంది.

అయిదో రోజు పొద్దున ఆరు పడవలకు బుర్రలు అయిదే వచ్చాయి. ఆరో రోజు మూడు వచ్చాయి, మూతులు సరిగ్గా బిగించక సగం ఉప్పునీళ్లు చేరాయి. ఏడో రోజు ఒక్కటీ రాలేదు. తాత కేక కూడా వినపడలేదు.

నాంచారమ్మ పడవ కొసకు వచ్చి పిలిచింది. "తాతా." జవాబు లేదు. మళ్లీ పిలిచింది. గోడ మీద సింగన్న తల కనిపించింది.

"తాతేడిరా?"

"పడుకున్నాడు. దగ్గుతున్నాడు."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు రోజులు."

"మరి బుర్రలు నువ్వెందుకు నింపలేదు? ఊట నీ కాళ్ల దగ్గరే ఉంది కదా."

సింగన్న ఊట వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"తాతకైనా నీళ్లు పట్టావా?"

"దగ్గరికెళితే నాకు మళ్లీ అంటుకుంటుందేమోనని," అన్నాడు సింగన్న మెల్లగా.

అప్పుడు నాంచారమ్మ తిట్టిన తిట్లు పిల్లల కథలో రాయలేను. చివరికి ఇలా అంది. "తెచ్చినవాడివి నువ్వు. నీకు అంటుకుంటుందని భయమా? నా ప్రాణం నా ఇష్టం అన్నావే, ఆ ప్రాణం మీద ఇప్పుడింత తీపి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? దిగు. ముందు తాతకు నీళ్లు పట్టు. తర్వాత బుర్రలు నింపు."

సింగన్న దిగాడు. కానీ తాత దగ్గరికి వెళ్లలేదు. అక్కణ్ణుంచి బయటపడితే చాలనుకున్నాడు. గది దాదాపు నిండింది, ఇంకొంచెం నిండితే పై తలుపు తీసుకుని పోవచ్చని చక్రం పట్టుకున్నాడు. ఎటు తిప్పాలో తెలియదు. బలం కొద్దీ తిప్పాడు. కింది తలుపు అడుగున ఉన్న తూము తెరుచుకుంది. గదిలో నీళ్లన్నీ ఒక్క ఊపున కిందికి జారిపోయాయి. పడవ దబ్బున రాతి మెట్టు మీద పడి నడుమకు విరిగింది.

ఆ చప్పుడుకు పేరయ్య తాత కళ్లు తెరిచాడు. "ఎడమకు, బాబూ, ఎడమకు," అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. సాయంత్రానికి పోయాడు.

నాంచారమ్మ పడవ మీంచే ఏడ్చింది. ఆరు పడవల వాళ్లూ ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి ఏడ్చారు. తమ తాత ఆఖరి చూపుకు ఒక్కరూ పడవ దిగి వెళ్లలేదు. నియమం పాటించినవాళ్లకు దక్కింది అదీ. నాకు అన్నిటికంటే కోపం వచ్చేది అక్కడే.

నాంచారమ్మ ఏడుస్తూనే గోడ వైపు చూసి అంది. "బుర్రలు."

సింగన్న వెళ్లి బుర్రలు నింపాడు. జబ్బు ఉన్న చోటికి ఇంకెవరూ రాకూడదు కాబట్టి ఆ పని వాడే చేయాలి. మర్నాడు పొద్దున ఆరు బుర్రలు తేలుతూ వచ్చాయి. నాంచారమ్మ చిన్నపిల్ల మెడ వాల్చేసి ఉంది. రెండు గుక్కలు లోపలికి పోయాక కళ్లు విప్పింది.

రెండు పున్నములు గడిచాయి. జబ్బు పోయింది. భూషయ్య చాటింపు ఎత్తేశాడు. ఇక ముందు ఏ ఆజ్ఞ వేసినా పడవల వాళ్లను అడిగే వేస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. పడవలు పై కాలువకు బయల్దేరాయి. విరిగిన పడవ చెక్కలు లాకులోంచి లాగి గట్టున పారేశారు.

చక్రం తిప్పేవాళ్లు ఎవరూ లేరు. అన్నాళ్లూ అక్కడే ఉండి, తడబడుతూ తిప్పడం నేర్చుకున్నది సింగన్న ఒక్కడే. వాడికి పడవా లేదు. పడవల వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇక నుంచి లాకు పని సింగన్నదే అని తేల్చారు. వాడు కాదనలేదు.

ముందుగా నాంచారమ్మ పడవ లాకులోకి వచ్చింది. పిల్లలు ముగ్గురూ అంచున నిలబడి గోడ వైపు చూశారు. అక్కడ తాత లేడు. నాంచారమ్మ మోకు పట్టుకుని మెట్టు ఎక్కి సింగన్న పక్కన నిలబడింది. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి.

"అక్కా," అన్నాడు సింగన్న. "తాత నన్ను క్షమించి ఉంటాడంటావా?"

నాంచారమ్మ వాడి ముఖం కేసి చూడలేదు.

"చక్రం తిప్పు," అంది.

నీతి: నా ఇష్టం అనుకుని చేసే పని ఇంకొకరి ప్రాణం తీస్తే అది స్వేచ్ఛ కాదు, దౌర్జన్యం.