మబ్బుదొర దగ్గర దాచిన ఉత్తరాలు

ఒకప్పుడు లోకంలోని ఈమెయిళ్ళన్నీ ఆకాశంలో, మబ్బుదొర దగ్గరే ఉండేవి. ఇళ్ళల్లో ఒక్కటీ ఉండేది కాదు. చదవాలనిపిస్తే జనం కిటికీ తెరిచి, పేరు చెప్పి, తల పైకెత్తి చదువుకునేవాళ్ళు.

"బరువు నాకిచ్చి మీరు హాయిగా ఉండండి," అనేవాడు మబ్బుదొర. తేరగా వస్తే ఎవరు కాదంటారు? అందరూ ఇచ్చేశారు.

సముద్రం ఒడ్డున గైరమ్మ అని ఒక చేపలమ్మే మనిషి ఉండేది. ఆమె అన్న నూకరాజు ఓడలో పనికి వెళ్ళి మరి తిరిగి రాలేదు. ఓడ మీద నుంచి అతను రాసిన మెయిళ్ళే ఆమెకు మిగిలాయి. అవీ మబ్బుదొర దగ్గరే ఉన్నాయి. దిగులేసినప్పుడల్లా ఒకటి చదువుకుని కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు ఆమె ఇసుక మీద చేపలు ఎండబెడుతుంటే మబ్బుదొర నల్లబడ్డాడు. ఆకాశం నల్లబడితే చాలు, ఆ ఒడ్డున వాళ్ళు నోటిదాకా వచ్చిన ముద్ద వదిలేసైనా ఎండుచేపల్ని ఇంట్లోకి చేర్చుకుంటారు. గైరమ్మ కూడా గబగబా బుట్టలోకి ఎత్తుతోంది. ఎత్తుతూ ఎత్తుతూ ఆగిపోయింది.

"ఓలమ్మో! మబ్బుని నమ్మి ఒక్క చేపనొగ్గను గానీ, అన్నయ్య మాటలన్నీ ఆడికే ఒగ్గీసినాను! నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

తల ఎత్తి అరిచింది. "దొరా! మా అన్న ఉత్తరాలు జాగర్తేనా?"

"పాతవి మరీ బరువెక్కాయి గైరమ్మా. ఈ వానలో కురిపించేస్తున్నా."

"నీకిచ్చింది దాయమని! ఒంపీమని కాదు!"

"బరువెక్కితే కురవడం నా గుణం. ఆ మాట ఇచ్చేటప్పుడే చెప్పాను. అందరిలాగే నువ్వూ వినకుండానే సరేనన్నావు," అన్నాడు మబ్బుదొర.

గైరమ్మకు ఒళ్ళు మండింది. "ఐతే నావి నాకిచ్చీ. ఇప్పుడే!"

"తీసుకెళ్ళి ఎక్కడ పెడతావ్? మీ ఇంట్లో మూల దుమ్ము కొట్టుకున్న కంప్యూటర్‌లోనా?" పకపకా నవ్వాడు మబ్బుదొర. ఆ నవ్వుకి ఉరుములు ఉరిమాయి. ఇరుగుపొరుగు వాళ్ళూ నవ్వారు. గైరమ్మ వాళ్ళ మొహం కూడా చూడలేదు. బుట్ట ఎత్తుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

మూలనున్న ముసలి కంప్యూటర్ దగ్గి గొంతు సవరించుకుంది. "నా పొట్ట ఖాళీయే మనవరాలా. మెల్లగా దించుతాను. దించింది మాత్రం వదలను."

గైరమ్మ తన పేరు చెప్పింది, తాళం మాట చెప్పింది. ఆ రెండూ విన్నాక మబ్బుదొర ఇవ్వక తప్పదు. ఉత్తరాలు ఒక్కొక్కటే దిగసాగాయి. అంతలో వాన మొదలైంది. ఈదురుగాలికి తలుపు ఊగిపోతుంటే గైరమ్మ వీపు ఆనించి నిలబడింది.

"తాతా, తొరగా!"

"దించుతున్నా తల్లీ, దించుతున్నా!"

కొన్ని ఉత్తరాలు సముద్రంలో పడి కరిగిపోయాయి. వాటికోసం గైరమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. మిగతావన్నీ కంప్యూటర్ పెట్టెలోకి చేరాయి.

వాన వెలిశాక మబ్బుదొర తెల్లగా, ఏమీ ఎరగనట్టు వచ్చాడు. "పోనీలే, ఈసారి నీకు ఇంకా పెద్ద చోటిస్తా. మళ్ళీ నాకే ఇచ్చెయ్. ఆ డొక్కుదానికి ఎలాగూ తుప్పు పడుతుంది."

"పడితే నా పెట్టెకి పడతాది, నానే తుడుసుకుంతాను," అంది గైరమ్మ నడుం మీద చెయ్యేసుకుని. "నువ్వు మోసుకొచ్చీవోడివి. గుమ్మం కాడ దింపీసి ఎల్లు. మా అన్న ఉండీది నా ఇంట్లోన!"

మబ్బుదొర మెల్లగా సముద్రం మీదికి జరిగిపోయాడు.

అప్పటినుంచే, లోకమంతా కిటికీలోంచి చదువుకుంటున్నా సరే, కొందరు మాత్రం మెయిల్ రాగానే ఇంట్లోని కంప్యూటర్‌లోకి దించుకుని తమ దగ్గరే పెట్టుకుంటారు. "ఇంకా ఈ పాత పద్ధతేమిటి?" అని ఎవరైనా నవ్వితే నవ్వనిస్తారు. ఇంటర్నెట్ పోయిన పూట కూడా వాళ్ళింట్లో పోయినవాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు.