ఏకాదశి మర్నాటి ఎలుకలు

మణికుంట రాజ్యంలో దివాను భీమశంకరంగారి పల్లకీ కొట్టంలో ఉండగా ఎలుకలు మాటిమాటికీ దూరి కాపురం పెట్టేవి. పిల్లిని తెచ్చారు, వేపాకు పొగ వేశారు, లాభం లేకపోయింది. పరుపుకి నాలుగోసారి చిల్లు పడేసరికి దివానుకి ఒళ్లు మండింది.

"ఈ బోయీలే పల్లకీలో కూర్చుని తిని మెతుకులు రాలుస్తున్నారు ప్రభూ! తలా పాతిక కొరడా దెబ్బలు వేయించండి" అన్నాడు రాజుగారితో.

బోయీల పెద్ద గౌరన్నకి ఒక సంగతి ఎప్పటినుంచో అంతుపట్టడం లేదు. పక్కనే ఉన్న రాజుగారి పల్లకీని ఎలుకలు ముట్టవు. దివానుగారి పల్లకీలోకైనా రోజూ రావు, ఏకాదశి మర్నాడే గుంపుగా వస్తాయి. ఏకాదశినాడు దివాను మంచినీళ్లైనా ముట్టడనీ, పల్లకీలో తెరలు దించుకుని జపం చేస్తూ ఊరేగుతాడనీ ఊరంతా గొప్పగా చెప్పుకుంటారు. తెరల వెనక ఏం జరుగుతుందో తట్టేసరికి గౌరన్న నవ్వు ఆపుకున్నాడు.

"ప్రభూ, రేపు ఏకాదశి. పల్లకీ శుభ్రంగా దులిపి తెస్తాం. దివానుగారు దిగగానే తమ భటులే కాపలా కాస్తారు. మేం లోపల చెయ్యి కూడా పెట్టం. అప్పటికీ ఎలుకలొస్తే, ఎవరి మెతుకుల కోసం వచ్చాయో తమరే తేల్చి శిక్ష వెయ్యండి."

రాజుగారు సరేనన్నారు. ఆనాటి నుంచి ప్రతి ఏకాదశికీ భటుల కాపలా సాగింది.

మూడు నెలలు గడిచినా పల్లకీలో ఎలుక జాడ లేదు. రాజుగారు ఆశ్చర్యపోయి, "ఏం మందు పెట్టావురా గౌరన్నా?" అని అడిగారు.

"మాదేముంది ప్రభూ! అంతా దివానుగారి ఉపవాస మహిమ. పల్లకీ ఎంత తేలికైందో మోసే మా భుజాలకి కూడా తెలుస్తోంది!"