చెవులయ్య గునుగు తోట

ఎర్రగట్టు అడవిలో చెట్లకంటే రాళ్ళే ఎక్కువ. ఆ రాళ్ళ సందుల్లో ఒక కుందేలు, ఒక కౌజుపిట్ట, ఒక ఉడుము, ఒక ముంగిస ఇరుగుపొరుగుగా కాపురం ఉండేవి.

కుందేలు పేరు చెవులయ్య. అతనికి లెక్కలంటే ప్రాణం. గట్టు ఎక్కడానికి ఎన్ని గంతులో, దిగడానికి ఎన్ని గంతులో అడిగిన వెంటనే చెప్పేవాడు. అతనికి ఒక్కతే కూతురు, చిట్టి. చిట్టికి పొడిదగ్గు. వాళ్ళ ఇంటి మీది బండకు తేనెపట్టు ఉండేది. రోజూ సాయంత్రం తేనెటీగలు ఇచ్చే ఒక్క చుక్క తేనె నాకితేనే ఆ పిల్లకు నిద్ర పట్టేది.

ఆ ఏడు వానలు రెండే కురిశాయి. అడవిలో పూలు కరువయ్యాయి. రాణీగ అందరినీ పిలిచింది.

"అరవై రోజులు చూస్తాం. ఎవరి పెరట్లో పూలు పూస్తే వాళ్ళ దగ్గర పట్టు కడతాం. ఎక్కడా పూయకపోతే గట్టు దాటి వెళ్ళిపోతాం."

గట్టు అవతలికి చిట్టి నడవలేదు.  చెవులయ్య అక్కడే నేల మీద గీతలు గీసి లెక్క మొదలుపెట్టాడు.

అప్పుడు దొరికిన విత్తనాలు గునుగువే. గునుగు బీళ్ళలో దానంతట అదే మొలుస్తుంది. కంకుల్లాంటి పూలు పూస్తుంది. అవి అడుగున వెండిలా, కొసన గులాబీ రంగులో మెరుస్తాయి. చెవులయ్య ఒక పిడికెడు విత్తనాలు తీసుకున్నాడు. కౌజుపిట్ట కౌజమ్మ ఒక పిడికెడు తీసుకుంది.

చెవులయ్య వాగులోంచి నల్లమట్టి మోసుకొచ్చాడు. పన్నెండు బుట్టల జింక పెంటికలు కలిపాడు. వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని మోదుగాకు దొన్నెలతో తెచ్చాడు. పొద్దున తొమ్మిది దొన్నెలు, సాయంత్రం తొమ్మిది దొన్నెలు పోసేవాడు.

కౌజమ్మ ఇంటి ముందు మొరం నేలను కాళ్ళతో గీకి విత్తనాలు చల్లింది. మొలకలు వచ్చేదాకా కాసిని నీళ్ళు చిలకరించింది. తర్వాత మానేసింది.

నలభయ్యో రోజుకు చెవులయ్య మొక్కలు రెండు మూరలు పెరిగాయి. కౌజమ్మ మొక్కలు జానెడే ఉన్నాయి. మధ్యాహ్నం ఎండకు అవి తలలు వాల్చేసేవి.

"ఏం కౌజత్తా, మొక్కల చేత ఉపవాసాలు చేయిస్తున్నావా?" అంది ముంగిస.

"వాటికి అలవాటేలేరా," అంది కౌజమ్మ.

చెవులయ్యకు జాలేసింది. రోజూ రెండు దొన్నెలు నీ మొక్కలకు పోస్తానన్నాడు. కౌజమ్మ వద్దంది. పాపం, కౌజత్తకు లెక్కలు రావని అతను అందరికీ చెప్పాడు.

యాభయ్యో రోజు కౌజమ్మ పెరట్లో పదమూడు కంకులు విచ్చుకున్నాయి. చెవులయ్య పెరట్లో అన్నీ ఆకులే.

చెవులయ్యకు ఏమీ తోచలేదు. రోజుకు పద్దెనిమిది దొన్నెలు, యాభై రోజులు. అంటే తొమ్మిది వందలు. తొమ్మిది వందల దొన్నెలకు ఒక్క పువ్వైనా రావాలి కదా? నీళ్ళే పోయని చోట పదమూడు ఎలా వచ్చాయి? ఎక్కడో తప్పుగా హెచ్చవేసి ఉంటావని ఉడుము అంది. అతను మళ్ళీ వేశాడు. లెక్క సరిగ్గానే వచ్చింది. దాంతో అతని తికమక ఇంకా పెరిగింది.

చివరికి నీళ్ళు చాలలేదని తేల్చుకున్నాడు. మర్నాటి నుంచి రోజుకు ముప్ఫై ఆరు దొన్నెలు పోశాడు.

యాభై ఏడో రోజు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. చిన్న గాలి వీచింది. మొక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. చెవులయ్య ఒక మొక్కను లాగి చూశాడు. వేళ్ళు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి.

అరవయ్యో రోజున తేనెటీగలు బండను వదిలి, కౌజమ్మ ఇంటి పక్క బలుసు పొదలో పట్టు మొదలుపెట్టాయి. ఆ సాయంత్రం చిట్టి ఆగకుండా దగ్గింది. చెవులయ్య కాసేపు గుమ్మంలోనే అటూ ఇటూ తిరిగాడు. తర్వాత పిల్లను వీపు మీద ఎక్కించుకుని కౌజమ్మ వాకిట్లోకి వెళ్ళి తల దించుకుని నిలబడ్డాడు.

కౌజమ్మ వెంటనే పొద దగ్గరికి వెళ్ళింది. తేనెటీగల దగ్గర ఒక చుక్క తెచ్చి చిట్టి నోట్లో వేసింది. దగ్గు ఆగింది.

"అత్తా, నేను ఎక్కడ తప్పాను? కూడి చూశాను, హెచ్చవేసి చూశాను," అన్నాడు చెవులయ్య.

"అన్నీ లెక్కపెట్టావు నాయనా. నువ్వు రాకముందు ఆ మొక్క ఈ రాళ్ళలో ఎలా బతికిందో మాత్రం చూడలేదు. దాహమేస్తే దాని వేరు లోతుకు దిగుతుంది. ఎండ ముదిరితే గబగబా పూసి విత్తనం దాచుకుంటుంది. నువ్వు తిండీ నీళ్ళూ కూర్చున్న చోటికే తెచ్చావు. ఇక అది పూయడానికి తొందరేముంది?"

తన రెండు దొన్నెలూ ఆమె ఒప్పుకుని ఉంటే అక్కడా పూలు పూసేవి కావని, తేనెటీగలు గట్టు దాటిపోయేవని అప్పుడు చెవులయ్యకు తట్టింది. మిగతాది సగమే అర్థమైంది. అయినా వెళ్ళేటప్పుడు పిడికెడు విత్తనాలు అడిగి తీసుకున్నాడు.

మరుసటి ఏడు అతను మొరం నేలలోనే విత్తాడు. మధ్యాహ్నం మొక్కలు తలలు వాల్చినప్పుడల్లా అతని చేయి దొన్నె మీదికి పోయేది. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని బలవంతంగా కూర్చునేవాడు. అంత కష్టమైన పని అతను ఎన్నడూ చేయలేదు.

యాభై రెండో రోజు చిట్టి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, ఒకటి విచ్చుకుంది," అంది.

వారం తిరిగేసరికి తేనెటీగలు పాత బండ మీద ఇంకో పట్టు కట్టాయి. ముంగిస వచ్చి, ఈసారి ఎన్ని దొన్నెలు పోశావని అడిగింది. చెవులయ్య నోరు తెరిచాడు. చెప్పడానికి అంకె దొరకలేదు.

నీతి: ప్రేమ ఉంటే చాలదు, ఎవరికి ఏది, ఎంత కావాలో తెలుసుకుని ఇవ్వాలి.